తుపాకీ ఇంట్లో ఉంటే ఇనప్పెట్టె ఎలా ఉండాలి?

ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాలో, తెలంగాణ సరిహద్దును ఆనుకుని మరైగూడ ఉంటుంది. 2021 నవంబర్ 8న తెల్లవారుజామున ఆ ఠాణా పరిధిలోని సీఆర్పీఎఫ్ 50వ బెటాలియన్ శిబిరంలో ఒక జవాను తన సర్వీసు తుపాకీతో సహచరులపై కాల్పులు జరిపాడు. నలుగురు చనిపోయారు. ముగ్గురు గాయపడ్డారు. క్షతగాత్రులను తరలించింది భద్రాచలం ఆసుపత్రికి. మానసిక ఒత్తిడితో ఒక్కసారిగా అదుపు తప్పి ఉంటాడని సీఆర్పీఎఫ్ ప్రాథమికంగా చెప్పింది.

బస్తర్ శిబిరాల్లో తుపాకీ మంచం పక్కనే ఉండటానికి కారణం ఉంది. దాడి ఏ క్షణంలోనైనా జరగొచ్చు. ఆయుధాన్ని గదిలో పెట్టి తాళం వేస్తే, దాన్ని అందుకునేలోపే ప్రాణం పోవచ్చు. కానీ ఆ సౌలభ్యానికి మరో ముఖం కూడా ఉంది. మనిషికీ తుపాకీకీ మధ్య దూరం లేనప్పుడు, ఆవేశానికీ కాల్పులకూ మధ్య కూడా దూరం ఉండదు.

ఇంట్లో తుపాకీ పెట్టుకునేవారికి ఆ శిబిరపు అవసరం లేదు. ప్రమాదం మాత్రం అదే. కాబట్టి సేఫ్ కొనేటప్పుడు దొంగను ఎంతసేపు ఆపుతుందని అడిగితే సగం ప్రశ్నే అడిగినట్టు. ఇంట్లో మనిషిని, ఒక్కోసారి లైసెన్సుదారునే, ఎంతసేపు ఆపుతుందన్నది మిగతా సగం.

మన దగ్గర ఎన్ని తుపాకులు ఉండొచ్చు?

అమెరికాలో సేఫ్ కొనేవారికి మొదట వచ్చే సందేహం ఎన్ని తుపాకులు పడతాయన్నది. మన దేశంలో దానికి చట్టమే జవాబు చెబుతుంది. 1959 ఆయుధాల చట్టం ప్రకారం ఒక వ్యక్తి దగ్గర మూడు వరకు ఉండేవి. 2019 సవరణ దాన్ని రెండుకు తగ్గించింది. మొదట ప్రవేశపెట్టిన బిల్లు ఒక్కటే అంది. చర్చల తర్వాత రెండయింది. మూడోది ఉన్నవారు ఏడాదిలోగా దాన్ని పోలీసు స్టేషన్లో గానీ, లైసెన్సు ఉన్న డీలర్ దగ్గర గానీ అప్పగించాల్సి వచ్చింది. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి వచ్చిన తుపాకులకూ ఈ రెండు లెక్కే వర్తిస్తుంది. అదే సవరణ లైసెన్సు గడువును మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది.

మినహాయింపు ప్రధానంగా క్రీడాకారులకు. అంతర్జాతీయ పతకాలు సాధించిన షూటర్లు, పేరున్న షూటర్లు పాల్గొనే విభాగాల సంఖ్యను బట్టి గరిష్ఠంగా 12 వరకు ఉంచుకునేలా 2020 ఫిబ్రవరిలో కేంద్ర హోంశాఖ నిబంధనలు మార్చింది. గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చాక హైదరాబాద్ మధ్యతరగతి ఇళ్లకూ షూటింగ్ దగ్గరైంది. పిల్లవాడు ఎయిర్ రైఫిల్‌తో మొదలుపెడతాడు. ఎయిర్ పిస్టల్ చేరుతుంది. ఆపైన .22 వస్తుంది. అటు నాన్నగారి పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ అటక మీదే ఉంటుంది. తెలుగు ఇళ్లలో తుపాకుల సంఖ్య పెరగడమంటే సాధారణంగా ఇలాగే.

తక్కువ శక్తి గల ఎయిర్ గన్‌కు లైసెన్సు అక్కర్లేదు. అందుకే దాన్ని బొమ్మలా మూలన నిలబెడతారు. కంటికి తగిలితే అది చూపు పోగొడుతుంది. సేఫ్‌లో దానికీ చోటు లెక్కేసుకోవాలి.

లోపల పట్టని ఒక్క తుపాకీ

సేఫ్ ఎందుకు పెద్దది కొనాలో చెప్పడానికి జర్మనీలోని విన్నెండెన్ ఘటనకు మించిన ఉదాహరణ లేదు. 2009 మార్చి 11న అక్కడ 17 ఏళ్ల కుర్రాడు తాను చదివి వెళ్లిన బడిలోనూ, పారిపోతూ దారిలోనూ 15 మందిని కాల్చి చంపాడు. తర్వాత తానూ కాల్చుకున్నాడు. అతని తండ్రి షూటింగ్ క్లబ్ సభ్యుడు. తుపాకులన్నిటికీ చట్టబద్ధమైన అనుమతి ఉంది. వాటిని దాచడానికి మంచి సేఫ్ కూడా ఉంది. అన్నీ అందులోనే ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఆ పిస్టల్ పడకగదిలో బట్టల అల్మరాలో ఉంది. కుర్రాడు తీసుకెళ్లింది దాన్నే.

తండ్రి మీద నేరం రుజువైంది. జర్మనీ తన చట్టాన్ని బిగించింది. లైసెన్సుదారుల ఇళ్లలో తుపాకులు ఎలా దాచారో ముందుగా చెప్పకుండా వచ్చి చూసే అధికారం యంత్రాంగానికి ఇచ్చింది. 2017 తర్వాత కొత్తగా కొనే సేఫ్‌లు నిర్ణీత ఐరోపా ప్రమాణానికి తగ్గకూడదని నియమం పెట్టింది.

కొనుగోలుదారుకు ఇందులో ఉన్న పాఠం చిన్నదే. పెట్టె ఎంత దిట్టమైనదైనా, బయట మిగిలిన ఒక్క తుపాకీ దాని విలువను సున్నా చేస్తుంది. బయట ఎందుకు మిగులుతుంది? చోటు చాలక, లేదా తీయడం కష్టమని, లేదా 'ఇది రాత్రిపూట దగ్గరుండాలి' అని. మొదటిదానికి పరిష్కారం కొలతల్లో ఉంది. రెండోదానికి తాళంలో. మూడోదానికి యజమాని నిర్ణయంలోనే ఉంది.

కొలతలు: లోపలి ఎత్తు చూడండి

పన్నెండు బోరు తుపాకీ, రైఫిల్ సాధారణంగా 110 నుంచి 120 సెంటీమీటర్ల పొడవుంటాయి. నగల కోసం అమ్మే ఇనప్పెట్టెల్లో అవి పట్టవు. కాబట్టి లోపలి ఎత్తు కనీసం 130 సెంటీమీటర్లు ఉండాలి. కంపెనీ చెప్పే సంఖ్యను నమ్మవద్దు. 'పది తుపాకుల సేఫ్' అన్నప్పుడు టెలిస్కోపు లేని సన్నని తుపాకులను ఒకదాని పక్కన ఒకటి ఇరికించి లెక్కేస్తారు. టెలిస్కోపు బిగించిన రైఫిల్, వెడల్పాటి బట్ ఉన్న పోటీ రైఫిల్ అయితే అందులో సగమే పడతాయి. ఇప్పుడున్న వాటికి రెట్టింపు చోటు చూసుకుంటే కొన్నేళ్లు ఇబ్బంది ఉండదు.

ఇల్లు ఇరుకైతే మరో దారి ఉంది. డబుల్ బ్యారెల్ తుపాకీ మూడు భాగాలుగా విడిపోతుంది: గొట్టాలు, వాటి కింది చెక్క, మడమతో కూడిన వెనుక భాగం. విడదీసి పెడితే పొట్టి పెట్టె సరిపోతుంది. దొంగ చేతికి ఒక భాగమే చిక్కితే తుపాకీ చిక్కినట్టు కాదు. బోల్ట్ రైఫిల్ అయితే బోల్టును తీసి వేరే చోట తాళం వేయవచ్చు.

తూటాలను మాత్రం తుపాకులతో కలపకూడదు. వాటికి వేరే తాళం, వేరే అర లేదా వేరే పెట్టె ఉండాలి. తుపాకీని ఎప్పుడూ ఖాళీ చేసే లోపల పెట్టాలి. అగ్నిప్రమాదం జరిగితే విడిగా ఉన్న తూటా పగిలినా గుండు పూర్తి వేగంతో పోదు. గొట్టంలో ఉన్న తూటా మాత్రం వేడికి పేలి, మామూలుగా కాల్చినట్టే దూసుకెళ్లగలదు. మంటలార్పడానికి వచ్చినవారికి అది ఊహించని ప్రమాదం.

రేకు మందం, బరువు, గోడ

చాలా ఇళ్లలో తుపాకీ ఉండేది స్టీలు బీరువాలో. దాని రేకు ఒక మిల్లీమీటరు కంటే పలుచన. పెద్ద స్క్రూడ్రైవర్‌తో తలుపు వంచవచ్చు. పిల్లల చేతికి అందకుండా ఉండటానికి తాళం వేసిన బీరువా అసలు లేనిదానికన్నా మేలు. దొంగను ఆపడానికి అది చాలదు.

రేకు మందాన్ని అమ్మేవారు 'గేజ్'లో చెబుతారు. ఇక్కడే చాలామంది పొరబడతారు. గేజ్ సంఖ్య పెరిగితే రేకు పలుచబడుతుంది. 14 గేజ్ అంటే దాదాపు 1.9 మిల్లీమీటర్లు. 12 గేజ్ 2.7, 10 గేజ్ 3.4. తుపాకుల అల్మరాకు బ్రిటన్ ప్రమాణం అడిగేది రెండు మిల్లీమీటర్ల ఉక్కు. ఇంటికి అది కనీసం అనుకోవచ్చు. ఊరికి దూరంగా, తరచూ తాళం వేసి ఉండే ఇంటికి మూడు మిల్లీమీటర్లు చూసుకోవాలి.

మందం ఒక్కటే చూస్తే చాలదు. అమెరికాలో ఇళ్లకు అమ్మే సేఫ్‌లలో ఎక్కువ భాగానికి ఉండే పరీక్ష, చేతి పనిముట్లతో ఐదు నిమిషాలు తట్టుకోవడం. అంతే. యాంగిల్ గ్రైండర్ తెచ్చినవాడికి పలుచని రేకు నిమిషాల పని. భారత ప్రమాణాల సంస్థకు సేఫ్‌ల కోసం ఐఎస్ 550 అనే ప్రమాణం ఉంది. కొనేటప్పుడు ఆ గుర్తు ఉందా, ఏ తరగతి అని అడగాలి. తలుపు వైపు మందంగా చేసి, వెనుక వైపు పలుచగా వదిలేసే పెట్టెలు ఉంటాయి. వెనక్కి తిప్పి చూడటం మరువవద్దు.

తేలికైన పెట్టెను దొంగ తెరవడు. ఆటోలో వేసుకుపోయి తీరిగ్గా తెరుస్తాడు. అందుకే వంద కిలోల పెట్టెనైనా యాంకర్ బోల్టులతో కాంక్రీటు నేలకు బిగించాలి. గది మూలన, రెండు గోడలను ఆనించి పెడితే గడ్డపలుగు దూర్చే సందు ఉండదు. పెంకుటింట్లో, మట్టిగోడ ఇంట్లో గోడకు బిగించి లాభం లేదు. నేలలో కాంక్రీటు దిమ్మె పోసి దానికి బిగించాలి.

మేడ మీద పెట్టేవారు ఇంకో లెక్క చూసుకోవాలి. నివాస గదుల స్లాబును మామూలుగా చదరపు మీటరుకు 200 కిలోల బరువు పరచుకున్నట్టు లెక్కగట్టి వేస్తారు. 300 కిలోల పెట్టె అర చదరపు మీటరులోనే మోపుతుంది. గది మధ్యలో కాకుండా గోడ పక్కన, దూలానికి దగ్గరగా పెట్టాలి. పాత ఇల్లయితే ఇంజినీరును అడగడం మంచిది.

గోదావరి గాలి

భద్రాచలం నుంచి కోంటా వరకు, ఆ మాటకొస్తే కోస్తా అంతా, వానాకాలంలో తుపాకీకి మొదటి శత్రువు తేమ. సేఫ్ గాలి ఆడని పెట్టె. లోపల చేరిన తేమ బయటకు పోదు. పైగా అగ్నినిరోధక సేఫ్‌ల గోడల్లో జిప్సం ఉంటుంది. మంటల్లో అది తనలోని నీటిని ఆవిరిగా వదిలి లోపలి వేడిని తగ్గిస్తుంది. మామూలు రోజుల్లో అదే జిప్సం లోపలి గాలిని కొంత చెమ్మగా ఉంచుతుంది.

సిలికా జెల్ సంచులు పెట్టి, రంగు మారగానే ఎండబెట్టి మళ్లీ వాడుకోవాలి. కరెంటు నిలకడగా ఉండే చోట సన్నగా వేడెక్కే కడ్డీ పెట్టవచ్చు. తోలు ఒరలో, కాన్వాస్ సంచిలో, స్పాంజి పెట్టెలో తుపాకీని నెలల తరబడి ఉంచకూడదు. అవి తేమను పట్టి ఉంచుతాయి. పలుచగా నూనె రాసి, వానాకాలంలో నెలకోసారైనా తీసి తుడవాలి. ఆ నెలవారీ తనిఖీకి ఇంకో లాభం ఉంది. తుపాకీ, తూటాలు లెక్కకు సరిపోయాయో లేదో తెలుస్తుంది. పోయిందని ఆరు నెలల తర్వాత తెలుసుకున్న యజమానికి పోలీసుల దగ్గర చెప్పడానికి ఏమీ ఉండదు.

తాళంచెవి ఎవరి దగ్గర?

తాళం మూడు రకాలు: తాళంచెవి, అంకెల మీట, వేలిముద్ర. ఒక్కోదానికీ ఒక్కో బలహీనత ఉంది.

తాళంచెవిని దేవుడి పటం వెనుకో, చీరల మడతలోనో దాస్తారు. ఆ చోటు పిల్లలకు తెలియదనుకోవడం పెద్దల భ్రమ. అంకెలైతే పుట్టిన తేదీ, పెళ్లిరోజు, బండి నంబరు పెట్టుకుంటారు. ఇంట్లో అందరికీ తెలిసినవే. బ్యాటరీ అయిపోతే తెరిచే అత్యవసర తాళంచెవి పక్క సొరుగులోనే ఉంటే అంకెల మీట ఉన్నా లేనట్టే. వేలిముద్రది మరో కథ. అమెరికాలో 2023 అక్టోబర్‌లో సుమారు 61 వేల బయోమెట్రిక్ సేఫ్‌లను వెనక్కి రప్పించారు. యజమాని తన వేలిముద్రను సరిగా నమోదు చేసేవరకు అవి ఎవరి వేలికైనా తెరుచుకుంటున్నాయి. 12 ఏళ్ల బాలుడి మరణానికి ఆ లోపమే కారణమన్న ఫిర్యాదు కూడా అందులో ఉంది. కొన్న రోజే ఇంట్లో మిగతావారి వేళ్లతో, ఖాళీ పెట్టెతో పరీక్షించి చూడాలి.

రోజూ వాడేది అంకెల మీట, అత్యవసర తాళంచెవి బ్యాంకు లాకర్లో: ఎక్కువ ఇళ్లకు ఇది సరిపోయే ఏర్పాటు.

ఇది చట్టం సంగతి కూడా. ఆయుధం 'స్వాధీనం'లో ఉండటమంటే చేతిలో ఉండటమే కానక్కర్లేదనీ, తెలిసి దాని మీద అదుపు ఉన్నా స్వాధీనమేననీ సుప్రీంకోర్టు 1972లో గున్వంత్‌లాల్ కేసులో చెప్పింది. లైసెన్సు మీ పేరున ఉంది. తాళంచెవి మీ అబ్బాయి దగ్గరో, పాలేరు దగ్గరో ఉంటే ఇద్దరూ చిక్కుల్లో పడవచ్చు. 2016 ఆయుధాల నిబంధనలు లైసెన్సు కోరేవారి నుంచి సురక్షితంగా దాచుతామన్న హామీని కూడా తీసుకుంటాయి. ఆ కాగితం మీద సంతకం చేసి అటక మీద పెట్టేవారు తమ మాటనే తప్పుతున్నట్టు.

ఠాణాయే సేఫ్ అయినప్పుడు

ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులను ఠాణాలో అప్పగించడం తెలుగువారికి అలవాటే. ఊరెళ్లేటప్పుడు, ఇంట్లో గొడవలున్నప్పుడు లైసెన్సు డీలర్ దగ్గర భద్రపరచుకోవచ్చు. చాలామంది దీన్ని అవమానంగా చూస్తారు. నిజానికి ఇల్లంతటికీ అంతకు మించిన భద్రత లేదు.

అయితే సరిహద్దు చరిత్ర వేరే సంగతి కూడా చెబుతుంది. ఆయుధాలు ఒకచోట పోగుపడితే ఆ చోటే లక్ష్యమవుతుంది. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో దొరల గడీల్లోని తుపాకులు దళాల చేతికి వెళ్లాయి. 2004 ఫిబ్రవరిలో ఒడిశాలోని కోరాపుట్ పోలీసు ఆయుధాగారాన్ని నక్సలైట్లు దోచుకున్నారు. 2008 ఫిబ్రవరిలో నయాగఢ్‌లో వెయ్యికి పైగా ఆయుధాలు పోయాయి. 2010 ఏప్రిల్ 6న సుక్మా ప్రాంతంలోని తాడ్మెట్ల దగ్గర 76 మంది భద్రతా సిబ్బంది చనిపోయినప్పుడు వారి తుపాకులూ పోయాయి. 2025 అక్టోబర్ 17న జగ్దల్‌పూర్‌లో 210 మంది మావోయిస్టులు లొంగిపోతూ అప్పగించిన 153 ఆయుధాల్లో పోలీసు, పారామిలటరీ బలగాలు వాడే ఇన్సాస్, ఎస్సెల్లార్ రకాలు ఉన్నాయి. ఒకసారి తాళం దాటిన తుపాకీ ఎన్నేళ్లు, ఎన్ని చేతులు మారుతుందో బస్తర్‌కు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. పోలీసుల నుంచి, సైన్యం నుంచి ఆయుధం లాక్కుంటే కనీసం పదేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం అని 2019 సవరణ చేర్చడానికి నేపథ్యం ఇదే.

కొన్ని నిమిషాల విలువ

సేఫ్ నిజంగా ప్రాణం కాపాడుతుందా? దీనికి స్పష్టమైన ఆధారం ఇజ్రాయెల్ సైన్యం నుంచి వచ్చింది. వారాంతంలో ఇంటికి వెళ్లే యువ సైనికులు తుపాకీని వెంట తీసుకెళ్లేవారు. 2006లో దాన్ని స్థావరంలోనే వదిలి వెళ్లాలని నియమం మార్చారు. ఆ తర్వాత వారిలో ఆత్మహత్యలు సుమారు 40 శాతం తగ్గాయని 2010లో వెలువడిన అధ్యయనం తేల్చింది. తగ్గుదల ప్రధానంగా వారాంతాల్లోనే కనిపించింది. మామూలు రోజుల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదు. అంటే తుపాకీ దొరకనివారంతా మరో దారి వెతుక్కోలేదు. ఆ ఘడియ దాటింది, బతికారు.

అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. దొంగ కోసం కొన్న ఆయుధం ఎక్కువసార్లు ఇంటివారి మీదే పనిచేస్తోందన్న మాట. కాబట్టి ఇంట్లో ఎవరైనా తీవ్రమైన దిగులులో ఉంటే, అప్పుల్లో కూరుకుపోతే, తాగుడు ముదిరితే, ఎంత మంచి సేఫ్ ఉన్నా ఆ కొన్నాళ్లు తుపాకీని ఇంటి బయట డీలర్ దగ్గరో, ఠాణాలోనో పెట్టడమే సరైన పని. మాట్లాడటానికి టెలిమానస్ ఉచిత నంబరు 14416 ఉంది. తెలుగులోనూ మాట్లాడతారు.

మూడు మిల్లీమీటర్ల ఉక్కు దొంగను కొన్ని నిమిషాలు ఆపుతుంది. తూటాలకు వేరే తాళం, బ్యాంకు లాకర్లో ఉన్న చెవి, విడదీసిన గొట్టాలు ఇంటి మనిషిని ఇంకొన్ని నిమిషాలు ఆపుతాయి. కోపం చల్లారడానికి, పక్కగదిలోంచి ఎవరో లేచి రావడానికి చాలాసార్లు ఆ నిమిషాలే సరిపోతాయి. సేఫ్‌కు చెల్లించే ధర వాటి కోసమే.